కిచెనర్ పేరున్న మేసన్ లాడ్జి పతకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటిష్ సేనాని ఫీల్డ్ మార్షల్ కిచెనర్ పేరుతోనో, ఆయన కాలంతోనో ముడిపడిన ఫ్రీమేసన్ (సొంత ఆచారాలు, గుర్తులు ఉన్న ఒక సోదర సంఘం; దాని స్థానిక శాఖే లాడ్జి) పతకాలు పాత ట్రంకు పెట్టెల్లోనూ వేలాల్లోనూ తరచూ బయటపడుతుంటాయి. అడిగే మనుషులు మారుతున్నారు, సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టొచ్చు.

## పతకం గురించి విన్నారు, ఇంకా చూడలేదు

కిచెనర్ నిజంగా ఫ్రీమేసనేనా? లేక పేరు వాడుకున్నారా?

నిజంగానే. 1883లో కైరోలో, ఇటాలియన్ భాషలో నడిచే లా కాంకోర్డియా లాడ్జి నం. 1226లో చేరాడు. లండన్‌లోని డ్రూరీ లేన్ లాడ్జి నం. 2127 వ్యవస్థాపకుల్లోనూ ఉన్నాడు. 1899లో ఈజిప్టు, సూడాన్‌లలోని ఇంగ్లండు లాడ్జిలకు జిల్లా గ్రాండ్ మాస్టర్ (ఆ ప్రాంత లాడ్జిల పెద్ద) అయ్యాడు. 1902 నవంబరులో భారత సైన్యానికి కమాండర్-ఇన్-చీఫ్‌గా వచ్చాక పంజాబ్ జిల్లాకు అదే పదవి చేపట్టాడు. సిమ్లా అప్పుడు పంజాబ్ కిందే ఉండేది, అక్కడ ఆయన పేరు మీదే ఒక లాడ్జి వెలిసింది. 1909 దాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. మన దేశంలో దొరికే కిచెనర్ పతకాలకు ఈ ఏడేళ్లే అసలు మూలం.

ఇది యుద్ధంలో ఇచ్చిన పతకమా?

కాదు. కిచెనర్‌కు ప్రభుత్వం ఇచ్చిన గౌరవాలు వేరు, అవన్నీ బ్రిటిష్ రాజబిరుదులు: 1898లో జీసీబీ, 1902లో ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1909లో జీసీఎస్ఐ, 1915లో గార్టర్. ఆయన నడిపిన సూడాన్ యుద్ధానికి సైనికులకు ఇచ్చినవి క్వీన్స్ సూడాన్ మెడల్, ఖెదీవ్ (ఈజిప్టు పాలకుడు) ఇచ్చిన సూడాన్ మెడల్. లాడ్జి పతకం ఈ రెండు వర్గాల్లోకీ రాదు. అది ఒక సంఘం తన సభ్యులకు తాను చేయించి ఇచ్చుకున్నది. గుర్తుపట్టడానికి సులువైన పద్ధతి ఉంది. సైనిక పతకం మీద సైనికుడి నంబరు, పేరు, రెజిమెంటు సాధారణంగా అంచు మందం మీద ఉంటాయి. లాడ్జి పతకం మీద పేరు వీపున, చేత్తో చెక్కి ఉంటుంది.

మేసన్లు దీన్ని మెడల్ అనరు, జువెల్ అంటారు. నగ అని అర్థమా?

రాళ్లు పొదిగిన నగ అని కాదు. లాడ్జిలో ధరించే లోహపు గుర్తు ఏదైనా వాళ్ల భాషలో జువెల్లే. ఇందులో రెండు రకాలు. మెడలోని పట్టీకి వేలాడేది పదవి జువెల్. అది లాడ్జి ఆస్తి, పదవి దిగిపోగానే తర్వాతి వ్యక్తికి వెళ్తుంది. కోటుకు ఎడమ రొమ్ము మీద పిన్నుతో పెట్టుకునేది సొంత జువెల్. వ్యవస్థాపకుడికి, మాజీ మాస్టర్‌కు (మాస్టర్ అంటే లాడ్జి అధ్యక్షుడు), వందేళ్ల పండగకు, విరాళానికి ఇచ్చేవి ఈ కోవలోవి. ఇళ్లలో న్యాయంగా ఉండాల్సింది ఈ రెండో రకమే.

లాడ్జికి ఒక సేనాని పేరు ఉందంటే ఆయన అందులో సభ్యుడేగా?

అలా అనుకోకూడదు. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన సేనాని బేడెన్-పావెల్ పేరుతో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో లాడ్జి ఉంది, ఆయన మాత్రం ఎప్పుడూ మేసన్ కాదు. కిచెనర్ విషయంలో సభ్యత్వం రుజువైంది. ఫీల్డ్ మార్షల్ హెయిగ్ కూడా మేసనే, 1881లో స్కాట్లాండ్‌లో చేరాడు. వేరే సేనాని పేరున్న పతకం దొరికితే ముందు ఆ మనిషి సభ్యత్వాన్ని విడిగా తేల్చుకోండి. పతకం ఒక గౌరవ సూచన, సభ్యత్వ పత్రం కాదు.

ఈ లాడ్జిల్లో మనవాళ్లు ఉండేవారా? హైదరాబాద్‌కు సంబంధం ఉందా?

ఉండేవారు. వివేకానందుడు 1884లో కలకత్తాలోని యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరాడు. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి కుతుబ్‌షాహీల నాటి కట్టడం, 1872 నుంచి మేసన్ల చేతిలో ఉంది. సికిందరాబాద్ కంటోన్మెంటు కావడంతో అక్కడ సైనికాధికారుల లాడ్జిలు నడిచాయి. బదిలీ మీద సిమ్లా, లాహోర్, సికిందరాబాద్ తిరిగిన అధికారుల సామానుతోపాటు పతకాలూ తిరిగాయి. కాబట్టి ఉత్తరాది లాడ్జి పతకం మౌలాలీలోని ఒక పాత ఇంట్లో దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

## పతకం చేతిలో ఉంది, చదవడం ఎలా?

మొదట ఎక్కడ చూడాలి?

వెనక్కి తిప్పండి. ముందువైపు అందం కోసం, వెనకవైపు సాక్ష్యం కోసం. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం తీసుకుని పతకాన్ని కిటికీ పక్కన, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. ఫ్లాష్ వేస్తే చెక్కిన అక్షరాలు మాయమవుతాయి. పక్కనుంచి టార్చి వేస్తే అరిగిపోయిన గీత కూడా నీడగా పైకి లేస్తుంది.

మామూలుగా ఒక పతకానికి మూడు భాగాలుంటాయి. పైన పిన్ను ఉన్న పట్టీ, మధ్యలో రిబ్బన్, కింద వేలాడే బిళ్ల. పట్టీ వీపు, బిళ్ల వీపు, వాటిని కలిపే కొక్కేల దగ్గర, మూడు చోట్లా ముద్రలు వెతకండి. చూసినవన్నీ కాగితం మీద అచ్చంగా అలాగే రాసుకోండి. తప్పు స్పెల్లింగ్ కనిపించినా దిద్దకండి.

వెండో కాదో ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

గీటురాయి మీద గీయొద్దు, ఆమ్లం చుక్క వేయించొద్దు. రెండూ పతకాన్ని పాడుచేస్తాయి. నీటి తూకం చాలు. పదో వంతు గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. రిబ్బన్ ఊడదీసి బిళ్లను పొడిగా తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి, బిళ్లను సన్నటి దారంతో కట్టి గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపేది బిళ్ల పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి.

ఉదాహరణకు పొడి బరువు 31 గ్రాములు, నీటిలో చూపింది 3 గ్రాములు. భాగిస్తే 10.33. స్టెర్లింగ్ వెండి (వెయ్యికి 925 పాళ్లు వెండి ఉన్నది) 10.3 నుంచి 10.4 మధ్య వస్తుంది. అదే 31 గ్రాముల బిళ్లకు 3.6 గ్రాములు చూపితే 8.6, అంటే ఇత్తడి. ఎనామెల్ ఎక్కువగా ఉన్న బిళ్లకు వెండి అయినా అంకె తగ్గుతుంది, ఎనామెల్ గాజు లాంటి తేలిక పదార్థం కదా. బిళ్లకు గాలిబుడగ అంటుకున్నా తగ్గుతుంది, కాబట్టి దారం ఒకసారి కుదపండి. ఎనామెల్‌లో పగుళ్లు కనిపిస్తే మాత్రం నీళ్లలో ముంచకండి. తడి పగుల్లోకి దిగి అడుగు లోహాన్ని చిలుము పట్టిస్తుంది.

హాల్‌మార్క్ చూసి సంవత్సరం చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కచ్చితంగా చెప్పగలిగేది దాన్నిబట్టే. ఇంగ్లండు వెండి మీద నాలుగు ముద్రలు వరసగా ఉంటాయి: తయారీదారు పొడి అక్షరాలు, నడుస్తున్న సింహం, ఊరి గుర్తు, సంవత్సరాక్షరం. సింహం అంటే వెయ్యికి 925 పాళ్ల వెండి. ఊరి గుర్తుల్లో లంగరు బర్మింగ్‌హామ్‌ది, చిరుతపులి ముఖం లండన్‌ది.

సంవత్సరాక్షరం దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఒక్కో ఊరికి ఒక్కో వరస ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో 1900 జూలైలో చిన్నబడి 'ఎ' మొదలైంది, ఆ లెక్కన 1903కు 'డి'. లండన్‌లో 1896లో 'ఎ' మొదలైంది, అందుకని 1903కు అక్కడ 'హెచ్'. పైగా లండన్‌లో ఇరవయ్యేళ్లకోసారి, బర్మింగ్‌హామ్‌లో పాతికేళ్లకోసారి అదే అక్షరం తిరిగి వస్తుంది, అక్షరం తీరు, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారం మారతాయి. ఊరు, అక్షరం తీరు, డాలు ఆకారం మూడూ కలిస్తేనే సంవత్సరం ఖాయం. ఏడాది మధ్యలో అక్షరం మారేది కాబట్టి తేదీని '1903–04' అని రాసుకోవడం మంచిది. విక్టోరియా రాణి తల ముద్ర కూడా ఉంటే అది 1890కి ముందుది, ఆ ఏడాదే వెండి సుంకంతోపాటు ఆ ముద్ర ఆగిపోయింది.

బంగారు పతకం మీద 15 క్యారెట్ల ముద్ర, పక్కన .625 ఉంటే 1932 దాటనిది. ఆ తర్వాత ఇంగ్లండులో ఆ క్యారెట్టు ఎత్తేశారు.

ముద్రలేమీ లేవు. నకిలీదేనా?

అంత మాట అనొద్దు. బ్రిటిష్ కాలంలో భారతదేశంలో వెండిని పరీక్షించి ముద్రవేసే ఇంగ్లండు తరహా కార్యాలయం లేదు. కలకత్తా హామిల్టన్, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు తమ పేరో, తమ సొంత గుర్తో కొట్టేవి. బజారు కంసాలి చేసిన దాని మీద అదీ ఉండకపోవచ్చు. అసలు చాలా లాడ్జి పతకాలు బంగారు పూత పూసిన ఇత్తడివి, వాటికి హాల్‌మార్క్ ఉండనే ఉండదు. అనుమానించాల్సింది ముద్ర లేనిదాన్ని కాదు, కాలానికి అతకని ముద్ర ఉన్నదాన్ని. 1905 నాటిదని చెబుతూ ఒట్టి '925' అంకె మాత్రమే ఉంటే జాగ్రత్త.

కొన్నిటి మీద సర్ హెర్బర్ట్, కొన్నిటి మీద వైకౌంట్, ఎర్ల్ అని ఉంది. ఏది ఎప్పటిది?

కిచెనర్ (మొదటి పేరు హెర్బర్ట్) బిరుదులు తేదీ చెప్పే గడియారాలు. 1894లో సర్ అయ్యాడు. ఆమ్‌దుర్మాన్ యుద్ధం 1898 సెప్టెంబర్ 2న జరిగింది, ఆ ఏడాదే ఖార్తూమ్ బారన్. 1902లో వైకౌంట్. 1909 సెప్టెంబరులో ఫీల్డ్ మార్షల్. 1914లో ఎర్ల్. 1916 జూన్ 5న ఆర్క్‌నీ దీవుల దగ్గర హాంప్‌షైర్ ఓడ మందుపాతర తగిలి మునిగి చనిపోయాడు.

కాబట్టి 'వైకౌంట్' అని చెక్కి ఉంటే 1902–1914 మధ్యది. 'ఎర్ల్' అని ఉండి హాల్‌మార్క్ 1904 చూపితే, ఆ అక్షరాలు తర్వాత చెక్కినవి. మోసమనే అనక్కర్లేదు, పాత పతకాన్ని లాడ్జివాళ్లే మళ్లీ వాడి ఉండొచ్చు. కానీ ధర ఒప్పుకునే ముందు కారణం అడగాలి. ఒట్టి 'లార్డ్' అన్న మాట ఉపయోగపడదు, 1898 తర్వాత ఎప్పుడైనా అనొచ్చు.

లాడ్జి నంబరు పక్కన ఈ.సి., ఎస్.సి., ఐ.సి. అని ఉంది. అదేమిటి?

ఆ లాడ్జి ఏ గ్రాండ్ లాడ్జి (లాడ్జిలన్నిటి మీదా ఉండే పై సంస్థ) కింద పనిచేసిందో చెబుతుంది: వరసగా ఇంగ్లండు, స్కాట్లాండ్, ఐర్లండ్. మూడింటికీ వేర్వేరు నంబర్ల వరస. ఈ పొడి అక్షరాలు చూడకుండా నంబరు మాత్రం వెతికితే వేరే దేశం లాడ్జికి చేరుకుంటారు. ఇంకో సంగతి, ఇంగ్లండు లాడ్జిలన్నిటికీ 1814లో, 1832లో, 1863లో నంబర్లు మార్చారు. 1863కు ముందు పతకం మీది నంబరు చాలాసార్లు నేటి నంబరుతో కలవదు. కిచెనర్ కాలం పతకాలకు ఈ తిప్పలు లేవు.

సంవత్సరం 5905 అని చెక్కి ఉంది. తప్పు కదా?

తప్పు కాదు. మేసన్లు కొన్నిసార్లు 'వెలుగు సంవత్సరం' వాడతారు, మామూలు క్రీస్తు శకానికి 4000 కలిపితే అది. 5905లోంచి 4000 తీసేస్తే 1905.

మూలమట్టం లోపల మూడు గడులున్న చిన్న పలక వేలాడుతోంది. ఏమిటది?

మాజీ మాస్టర్ జువెల్. మన వడ్రంగులూ మేస్త్రీలూ వాడే మూలమట్టమే దాని చట్రం. ఆ సంస్థ పేరే రాతిపని మేస్త్రీల నుంచి వచ్చింది. లోపలి పలక మీద చెక్కింది యూక్లిడ్ మొదటి పుస్తకంలోని 47వ సిద్ధాంతం, అంటే మనం బడిలో చదువుకున్న పైథాగరస్: లంబకోణ త్రిభుజం, దాని మూడు భుజాల మీద మూడు చతురస్రాలు.

ఈ పలకను దగ్గరగా చూడండి. చిన్న రింగు మీద వేలాడుతుంది, నడిస్తే ఊగుతుంది. వందేళ్లు ఊగితే రింగు లోపలి అంచు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, పలక పైమూలలు మూలమట్టానికి తగిలి సన్నగా మెరుగెక్కుతాయి. కావాలని పాతబరిచిన నకలు పతకాల్లో నలుపు అంతటా ఒకేలా ఉంటుంది, అరుగుదల మాత్రం ఉండాల్సిన చోట ఉండదు. లాడ్జి, గ్రహీత, మాస్టర్‌గా ఉన్న ఏడాది చట్రం వీపునో పట్టీ వీపునో చెక్కి ఉంటాయి.

తాళంచెవి, అడ్డంగా పెట్టిన రెండు పెన్నులు, కత్తి... ఇవన్నీ ఏమిటి?

పదవి గుర్తులు. ఒట్టి మూలమట్టం మాస్టర్‌ది, మట్టం చూసే పనిముట్టు సీనియర్ వార్డెన్‌ది, గోడ నిలువు చూసే గుండుతాడు జూనియర్ వార్డెన్‌ది. తాళంచెవి కోశాధికారిది, జోడు పెన్నులు కార్యదర్శివి, ఆలివ్ కొమ్మ పట్టిన పావురం డీకన్‌ది. జోడు కత్తులు లోపలి కాపలాదారువి, ఒంటి కత్తి తలుపు బయట నిలబడే, టైలర్ అని పిలిచే కాపలాదారుది. వెనక పిన్ను లేకుండా పైన పెద్ద కొక్కెం మాత్రమే ఉంటే అది మెడ పట్టీకి తగిలించే పదవి జువెల్, అంటే లాడ్జి సొత్తు.

1914–1918 అని ఉన్న శిలువ ఆకారం పతకం కిచెనర్ స్మారకమని అమ్ముతున్నారు. నిజమేనా?

కాదు. అది హాల్ స్టోన్ జువెల్. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన మేసన్ల స్మృతికి లండన్‌లో గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లో కొత్త భవనం కట్టడానికి పది లక్షల పౌన్ల నిధి సేకరించారు. పది గినీలు (గినీ అంటే పౌనుకు కాస్త ఎక్కువ), ఆపైన ఇచ్చిన సభ్యుడికి వెండి జువెల్, వంద గినీలు ఇచ్చినవారికి బంగారుది. సభ్యుడికి సగటున పది గినీలు ఇచ్చిన లాడ్జిలు 'హాల్ స్టోన్ లాడ్జి' అయ్యాయి, అలాంటివి 1,321. వ్యక్తులకు ఇచ్చినవి 53,224. భవనం 1933లో ప్రారంభమైంది.

రూపకల్పన సిరిల్ సాండర్స్ స్పాక్‌మన్‌ది. శిలువ నాలుగు కొసలూ నలుచదరంగా ఉంటాయి, ఎడమ కుడి చదరాల్లో రెండు సంవత్సరాలు, నడుమ రెక్కలున్న శాంతిమూర్తి ఒక దేవాలయాన్ని పట్టుకుని ఉంటుంది. వేల సంఖ్యలో చేసినవి కాబట్టి అరుదు కాదు. కానీ వీపున సభ్యుడి పేరు, లాడ్జి నంబరు ఉంటాయి. ఆ లాడ్జి మన దేశానిదైతే మాత్రం ఆ ఒక్క పేరు కోసం దాచుకోదగ్గది.

కిచెనర్ అని స్పష్టంగా ఉంది, కానీ ఆ లాడ్జి భారత్‌లోనూ ఈజిప్టులోనూ లేదు. ఎలా?

కెనడాలో చూడండి. ఒంటారియోలో బెర్లిన్ అనే ఊరు యుద్ధకాలంలో, 1916 సెప్టెంబర్ 1న పేరు మార్చుకుని కిచెనర్ అయ్యింది. అక్కడి లాడ్జి పతకం మీద 'కిచెనర్' అంటే ఊరు మాత్రమే. పేరు పక్కన ఒంటారియో గాని, కెనడా గ్రాండ్ లాడ్జి సూచన గాని ఉందేమో వెతకండి.

## కొనబోతున్నారు

నకలును కంటితో ఎలా పట్టాలి?

అసలుది ఉక్కు అచ్చుతో కొట్టింది. అందువల్ల అక్షరాల అంచులు పదునుగా, మధ్య ఖాళీ జాగా నున్నగా ఉంటుంది. నకలు మామూలుగా పోత పోసింది. పోతలో మూడు లోపాలు తప్పవు. ఖాళీ జాగాలో సూదిమొనంత గుంటలుంటాయి, గాలిబుడగల వల్ల. అంచు మందం మీద అచ్చు రెండు సగాలు కలిసిన గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన గాట్లు కనిపిస్తాయి. కొలత అసలు కన్నా ఒకటి రెండు శాతం చిన్నదవుతుంది, లోహం చల్లారినప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి. అసలు కొలత మీ దగ్గరుంటే వెర్నియర్ కాలిపర్స్‌తో ఇది ఇట్టే తేలుతుంది.

పోతలో హాల్‌మార్క్ కూడా పోతే అవుతుంది. కొట్టిన ముద్ర లోతుగా, గోడలు నిటారుగా ఉంటాయి. పోత ముద్ర సబ్బు మీద నొక్కినట్టు మొద్దుగా ఉంటుంది.

పైపట్టీ ఒకటి, బిళ్ల ఇంకొకటి అంటున్నారు. ఎలా తెలుస్తుంది?

పట్టీ మీది ముద్ర 1922, బిళ్ల మీద 1904 అయితే రెండు పతకాలను కలిపి ఒకటి చేసినట్టు. రిబ్బన్ వెడల్పు పట్టీ గాడికి సరిపోకుండా ముడతలు పడినా అనుమానించాలి. పిన్ను చూడండి, పాతవాటికి ఒట్టి కొక్కెం లాంటి పట్టు ఉంటుంది, తిప్పితే మూసుకునే పట్టు తర్వాతి కాలానిది. పిన్ను విరిగి మార్చుకున్నవీ చాలానే, అదొక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. టంకం మరక ఎంత కొత్తగా ఉందో చూడండి.

పేరు చెరిపేసి ఉంటే కొనొచ్చా?

మేమైతే వద్దంటాం. చెరిపిన చోట లోహం పల్చబడి కొద్దిగా పల్లం అవుతుంది. పతకాన్ని కంటి మట్టానికి పెట్టి కిటికీ ప్రతిబింబం అందులో చూస్తే సరళరేఖ ఆ చోట వంగుతుంది. పేరు పోయిన పతకం అచ్చు ఎంత అందంగా ఉన్నా మూగదే. చిరిగిన రిబ్బన్, రాలిన ఎనామెల్ ఉండి పేరు నిలిచి ఉన్నదాన్ని తీసుకోండి.

ధర ఎలా లెక్కగట్టాలి?

వెండి బరువు అడుగు ధర, దాని కింద అమ్మడం దండగ. ఆ పైన పెంచేవి వరసగా: లాడ్జి పేరు నంబరుతో గ్రహీత పేరు, కిచెనర్ బిరుదుకూ ముద్రకూ పొంతన, అసలు పెట్టె, చెదరని ఎనామెల్. పదవి గుర్తు పతకం అమ్మకానికి వస్తే అది లాడ్జి నుంచి ఎలా బయటికి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. చెప్పలేకపోతే వదిలేయండి.

దీనికి శక్తులున్నాయని, లక్షలు పలుకుతుందని ఒకాయన వెంటపడుతున్నాడు.

రైస్ పుల్లర్ పేరుతో మోసపోయినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, ఇదీ అదే బాణీ. పతకం మీది కన్ను, సూర్యుడు, చంద్రుడు లాడ్జి పాఠాలకు గుర్తులు, అంతే. ముందుగా 'పరీక్ష ఖర్చు' అడిగితే పోలీసులకు చెప్పండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పోస్టులో పంపొచ్చా?

వందేళ్లు దాటినదైతే కుదరదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. కిచెనర్ బతికున్న కాలపు పతకాలన్నీ ఆ గీత దాటేశాయి. వందేళ్లు నిండలేదని మీకు నమ్మకం ఉంటే పురావస్తు శాఖ నుంచి 'పురావస్తువు కాదు' అన్న ధ్రువపత్రం తీసుకుని పంపండి. లేకుంటే కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది. పాత వస్తువుల వ్యాపారం చేసేవారికి ఇదే చట్టం కింద లైసెన్సు ఉండాలి, కొనేటప్పుడు రసీదు అడగండి.

## ఇంట్లో దాచుకుంటున్నారు

చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా?

దయచేసి వద్దు. చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు, నాలుగూ వద్దు. పులుపు ఎనామెల్ మెరుపును తినేస్తుంది. విభూతి, పేస్టు పొడి రూపంలో ఆకురాయే. బంగారు పూత వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చన, నాలుగు పండగలకు తోమితే పోతుంది. అన్నిటికన్నా ముందు పోయేది సన్నగా చెక్కిన పేరు. వెండి దుకాణంలో దొరికే ముంచి తీసే ద్రావణాలూ అంతే, నలుపుతోపాటు పూతనూ లాగేస్తాయి. కంసాలి దగ్గరుండే అల్ట్రాసోనిక్ యంత్రంలో ఎనామెల్ రేకులుగా లేస్తుంది.

చేయాల్సింది కొంచెమే. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క ఘాటులేని సబ్బు కలిపి, దూదిపుల్ల తడిపి పిండి, లోహం మీద మాత్రమే దొర్లించండి. వెంటనే ఇంకో పుల్లతో మంచినీటి తడి, తర్వాత పొడి బట్ట. గీతల్లో మిగిలిన నలుపును వదిలేయండి, దాని వల్లే అక్షరాలు కనిపిస్తాయి.

ఎనామెల్ పెచ్చు ఊడింది. మళ్లీ పోయించొచ్చా?

అసలు ఎనామెల్ కొలిమిలో కరిగించి అద్దింది. ఇప్పుడు మళ్లీ కొలిమిలో పెడితే పాత టంకం కరిగి పతకం విడిపోవచ్చు, మిగిలిన రంగూ పగలొచ్చు. నెయిల్ పాలిష్ పూస్తే చూడ్డానికి బాగున్నట్టుంటుంది, రెండేళ్లలో పసుపు తిరుగుతుంది. ఊడిన ముక్క దొరికితే చిన్న కవర్లో వేసి పతకంతోనే ఉంచండి. ఖాళీని ఖాళీగానే ఉండనివ్వండి.

రిబ్బన్ పొడి పొడిగా రాలిపోతోంది.

పట్టు కదా, వెలుతురుకు, చెమటకు అంతే అవుతుంది. ఉతకొద్దు, ఇస్త్రీ వద్దు. పాత రిబ్బన్ వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి, మడత లోపల వెలిసిపోని అసలు రంగు ఫొటో తీసి, అదే వెడల్పు కొత్తది వేయించండి. పాతదాన్ని పారేయకుండా ఆమ్లం లేని టిష్యూలో చుట్టి పక్కన పెట్టండి. ఆ మడతలోని రంగే సరైన రంగుకు చివరి ఆధారం.

ఎందులో పెట్టాలి? బీరువాలో చిలుము పడుతోంది.

చాలాసార్లు దోషం మెత్తటి పీవీసీ కవర్‌ది. అది కాలం గడిచేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదిలి రాగి కలిసిన లోహం మీద పచ్చటి జిగురు తెస్తుంది. పాలిథీన్ జిప్ కవరు గాని, మైలార్ (పాలియెస్టర్ పొర) కవరు గాని వాడండి. రబ్బరుబ్యాండు, ఉన్నిగుడ్డ, న్యూస్‌పేపర్ మూడూ వెండిని నల్లబరుస్తాయి, వాటిలో గంధకం ఉంటుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో గాలిలో ఉప్పుతేమ ఎక్కువ. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ పెట్టండి. టేకు, దేవదారు పెట్టెలు మంచివని అనుకుంటారు, చెక్క కూడా ఆమ్లపు ఆవిరి వదులుతుంది, నేరుగా ఆనించకండి.

తాతగారి పతకాన్ని నేను పెట్టుకోవచ్చా?

సొంత జువెల్ ఇచ్చిన మనిషికి మాత్రమే చెందిన గౌరవం. వారసులు దాచుకుంటారు, గోడకు చట్రంలో పెడతారు, కోటుకు పెట్టుకోరు. మీరే మేసన్ అయితే మీ లాడ్జి కార్యదర్శిని అడగండి.

చెక్కిన పేరు ఎవరిదో ఎలా కనుక్కోవాలి?

పేరు, లాడ్జి నంబరు, గ్రాండ్ లాడ్జి పొడి అక్షరాలు, ఈ మూడూ చాలు. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి సభ్యత్వ రిజిస్టర్లు 1751 నుంచి 1921 వరకు డిజిటల్‌గా దొరుకుతాయి, భారత్‌లోని ఇంగ్లండు లాడ్జిలూ అందులో ఉన్నాయి. ఆ పంక్తిలో చేరిన తేదీ, వయసు, వృత్తి, ఊరు ఉంటాయి. లాడ్జి ఎప్పుడు పుట్టింది, ఏ ఊళ్లలో సమావేశమైంది అన్నది లేన్స్ మేసనిక్ రికార్డ్స్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఉచితంగా చూడొచ్చు. భారతీయ పేర్లు అప్పటి గుమస్తా విన్నట్టు రాసినవి, కాబట్టి 'వేంకటరామయ్య' కోసం నాలుగైదు స్పెల్లింగులు ప్రయత్నించండి, ఇంటిపేరు ముందూ వెనకా మార్చి చూడండి. 1961 నవంబర్ 24న గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని కిందికి వెళ్లిన లాడ్జిల తర్వాతి వివరాలకు అక్కడే రాయాలి. రాసేటప్పుడు పతకం ముందు వెనకల ఫొటోలు, బరువు, కొలతలు, ముద్రల వరస జతచేస్తే జవాబు తొందరగా వస్తుంది.